సిడ్నీలో ఫ్లాటు, మెల్‌బోర్న్‌లో ఇల్లు: పోలికలోనే ఉంది తిరకాసు

ఆస్ట్రేలియా వీసా గ్రాంట్ లెటర్ వచ్చిన సాయంత్రమే ఇంట్లో అసలు చర్చ మొదలవుతుంది. సిడ్నీలో ఉన్న బాబాయి కొడుకు ఫోన్ చేసి "ఉద్యోగాలన్నీ ఇక్కడే ఉన్నాయి, మెల్‌బోర్న్ వెళ్లి ఏం చేస్తావ్‌రా" అంటాడు. మెల్‌బోర్న్‌లో ఉన్న ఇంజినీరింగ్ క్లాస్‌మేట్ వీడియో కాల్‌లో తన నాలుగు బెడ్‌రూముల ఇల్లు తిప్పి చూపించి "ఈ డబ్బుకి సిడ్నీలో కారు షెడ్డు కూడా రాదు మామా" అంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు, పదేళ్ల కిందట తాము తీసుకున్న నిర్ణయాన్ని ఇంకోసారి సమర్థించుకుంటున్నారు, అంతే.

రెండు నగరాలని పోలుస్తున్నాం అనుకుంటూ చాలామంది పోల్చేది సిడ్నీలో రైల్వే స్టేషన్ పక్కనున్న ఫ్లాటునీ, మెల్‌బోర్న్‌లో ఊరి చివర నిన్నమొన్నటిదాకా పొలాలున్న చోట లేచిన ఇంటినీ. ఆ పోలికలో మెల్‌బోర్న్ ఎప్పుడూ గెలుస్తుంది. గెలిచాక రెండో కారు కొనాల్సి వస్తుంది.

డబ్బు లెక్కలోకి వెళ్లే ముందు వీసా సంగతి చూసుకోవాలి, ఎందుకంటే చాలామందికి ఈ ఎంపిక అసలు చేతిలోనే ఉండదు. పాయింట్ల లెక్క మీద ఇచ్చే స్కిల్డ్ వీసాల్లో 189 వస్తే ఏ ఊరైనా వెళ్లొచ్చు. 190 అయితే ఒక రాష్ట్రం నామినేట్ చేయాలి, దానికి 5 పాయింట్లు కలుస్తాయి, బదులుగా ఆ రాష్ట్రంలో రెండేళ్లు ఉంటామని మాట ఇవ్వాలి. న్యూ సౌత్ వేల్స్ పిలిస్తే సిడ్నీ, విక్టోరియా పిలిస్తే మెల్‌బోర్న్, చర్చ ముగిసినట్టే. 491 అనే రీజినల్ వీసాకి 15 పాయింట్లు వస్తాయి గానీ, సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ నగరాలు తప్ప మిగతా దేశంలోనే ఉండాలి, పని కూడా అక్కడే చేయాలి. 2019 నవంబరు నుంచి పెర్త్, గోల్డ్ కోస్ట్ లాంటివి కూడా ఈ రీజినల్ లెక్కలోకే వచ్చాయి. "ఉలంగాంగ్‌లో ఉంటూ సిడ్నీలో ఉద్యోగం చేస్తా, జీలాంగ్‌లో ఉంటూ మెల్‌బోర్న్‌లో చేస్తా" అనే తెలివి 491లో కుదరదు. స్టూడెంట్ వీసా మీద వచ్చేవాళ్లకి ఊరిని యూనివర్సిటీ నిర్ణయిస్తుంది, కాబట్టి వాళ్లని ఇక్కడ వదిలేద్దాం. పాయింట్లు ఎటూ తేలక ఊగిసలాడేవాళ్లకి ఒక్క మాట: అనువాదకులకి గుర్తింపునిచ్చే నాటీ సంస్థ పెట్టే సీసీఎల్ అనే భాషా పరీక్షలో తెలుగు ఉంది, పాసైతే 5 పాయింట్లు. తెలుగు వచ్చినందుకు ఒక దేశం మార్కులివ్వడం అరుదైన విషయమే.

ఇక డబ్బు. ఇక్కడ అద్దె వారానికి లెక్క, జీతం చాలాచోట్ల రెండు వారాలకోసారి. సిడ్నీలో వెస్ట్‌మీడ్, వెంట్వర్త్‌విల్ వైపు రెండు బెడ్‌రూముల ఫ్లాటు 2025 నాటికి వారానికి 600 నుంచి 650 డాలర్ల మధ్య ఉంది. మెల్‌బోర్న్ పడమటి చివర టార్నీట్‌లో నాలుగు బెడ్‌రూముల ఇల్లు 500 చుట్టుపక్కల దొరుకుతుంది. పెద్ద ఇల్లు, తక్కువ అద్దె! తేడా వారానికి 150 అనుకుంటే ఏడాదికి 7,800. ఇది పన్ను కట్టాక మిగిలిన డబ్బులోంచి పోయేది, కాబట్టి 30 శాతం పన్ను, ప్రభుత్వ వైద్యం కోసం వసూలు చేసే 2 శాతం మెడికేర్ లెవీ పడే జీతంలో సిడ్నీ కంపెనీ దాదాపు 11,500 డాలర్లు ఎక్కువ ఇస్తేగానీ లెక్క సమానం కాదు. ఐటీలో సిడ్నీ ఆఫర్లు కొంచెం పైనే ఉంటాయి, కానీ ప్రతిసారీ అంత ఎక్కువ ఉండవు.

ఇంతవరకూ మెల్‌బోర్న్ స్నేహితుడు చెప్పింది నిజమే. ఇప్పుడు రెండో సగం. వెస్ట్‌మీడ్‌లో స్టేషన్‌కి నడిచి వెళ్లొచ్చు, రైలు అరగంటకి కాస్త అటూఇటూగా సిటీలోని సెంట్రల్ స్టేషన్‌లో దింపుతుంది, కిరాణా కొట్టు, డాక్టరు, పెద్ద ఆసుపత్రి అన్నీ నడిచేంత దూరంలో. ఒక కారుతో బతకొచ్చు, మొదటి ఏడాది కారే లేకపోయినా గడుస్తుంది. టార్నీట్‌లో ఇంటి నుంచి స్టేషన్‌కే కారు కావాలి, పార్కింగ్ పొద్దున్నే నిండిపోతుంది. భార్యాభర్తలిద్దరూ బయటికెళ్లాలంటే రెండో కారు తప్పదు. చిన్న సెకండ్‌హ్యాండ్ కారైనా ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషను, పెట్రోలు, సర్వీసు, తరుగు అన్నీ కలిపితే ఏడాదికి ఏడెనిమిది వేల డాలర్లు సులువుగా లాగేస్తుంది. అంటే అద్దెలో మిగిలిన 7,800 గరాజ్‌లో నిలబడి ఉంది.

అలాగని మెల్‌బోర్న్ చవక కాదని అర్థం కాదు. సరైన పోలిక చేస్తే అది చవకే. ఫ్లాటుకి ఫ్లాటు, స్టేషన్‌కి స్టేషను పెట్టి చూడండి, ఉదాహరణకి మెల్‌బోర్న్‌లోని ఫుట్‌స్క్రే లేదా సన్‌షైన్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాటుకీ వెస్ట్‌మీడ్ ఫ్లాటుకీ మధ్య వారానికి వంద డాలర్లు పైనే తేడా వస్తుంది, కారు ఖర్చు రెండుచోట్లా ఒకటే. ఆ మిగిలేది నిజమైన మిగులు. అలాగే ఊరి చివరి ఇంటిని ఊరి చివరి ఇంటితోనే పోల్చాలి, టార్నీట్‌ని సిడ్నీ మార్స్‌డెన్ పార్క్‌తో, మెల్‌బోర్న్ క్లైడ్ నార్త్‌ని సిడ్నీ బాక్స్ హిల్‌తో. (బాక్స్ హిల్ అన్నప్పుడు జాగ్రత్త, రెండు నగరాల్లోనూ ఆ పేరుతో ఊరుంది. సిడ్నీది వాయవ్యంలో మనవాళ్లు ఇళ్లు కట్టుకుంటున్న కొత్త లేఅవుట్, మెల్‌బోర్న్‌ది తూర్పున పాతుకుపోయిన చైనీస్ సెంటరు. ప్రాపర్టీ సైట్‌లో రాష్ట్రం చూసుకోకుండా ఫిల్టర్ పెట్టి కంగారుపడేవాళ్లు ఉంటారు.)

ఇల్లు కొనే విషయంలో మాత్రం తేడా ఇంకా గట్టిది, ఇక్కడ వాదన అనవసరం. ఒకే రకం ఇంటికి సిడ్నీలో మూడున్నర లక్షల డాలర్లు ఎక్కువ పెట్టాల్సి వస్తే, 6 శాతం వడ్డీ అనుకున్నా ఏడాదికి 21 వేల డాలర్లు కేవలం వడ్డీ. ఏ జీతం తేడా దాన్ని పూడ్చదు. స్టాంప్ డ్యూటీలో సిడ్నీ కొంచెం దయ చూపిస్తుంది, న్యూ సౌత్ వేల్స్‌లో మొదటి ఇల్లు 8 లక్షల దాకా పూర్తి మినహాయింపు, 10 లక్షల దాకా రాయితీ. విక్టోరియాలో ఆ గీతలు 6 లక్షలు, ఏడున్నర లక్షలు. కాకపోతే 8 లక్షలకి సిడ్నీలో దొరికేది చాలావరకు ఫ్లాటే, ఏడున్నర లక్షలకి మెల్‌బోర్న్ శివార్లలో స్థలంతో సహా ఇల్లు వస్తుంది. మనవాళ్లకి ఇంకో అలవాటుంది, మొదటి ఇంటి లోను సగం తీరకముందే రెండోది కొనడం. అలాంటి ఆలోచన ఉంటే విక్టోరియా ల్యాండ్ ట్యాక్స్ ముందే చదువుకోవాలి, 2024 నుంచి ఉండని ఇంటి స్థలం విలువ 50 వేల డాలర్లు దాటితే చాలు పన్ను పడుతుంది, న్యూ సౌత్ వేల్స్‌లో ఆ పరిమితి 10 లక్షల పైమాటే. పీఆర్ ఇంకా రానివాళ్లు ఈ పేరా మొత్తం పక్కన పెట్టేయొచ్చు, 2025 ఏప్రిల్ నుంచి 2027 మార్చి దాకా టెంపరరీ వీసాదారులు పాత ఇళ్లు కొనకుండా నిషేధం ఉంది, కొత్తది కొన్నా విదేశీ కొనుగోలుదారుల సర్‌ఛార్జీ న్యూ సౌత్ వేల్స్‌లో 9 శాతం, విక్టోరియాలో 8 శాతం.

"ఉద్యోగాలన్నీ సిడ్నీలోనే" అనే మాట సగం నిజం. కామన్‌వెల్త్ బ్యాంకు, వెస్ట్‌ప్యాక్, మక్వారీ సిడ్నీలో ఉంటే ఎన్ఏబీ, ఏఎన్‌జెడ్ బ్యాంకులు మెల్‌బోర్న్‌లో ఉన్నాయి. టెలికాం కంపెనీ టెల్‌స్ట్రా, సూపర్‌మార్కెట్ల కోల్స్, ఉద్యోగాల సైటు సీక్, ఇళ్ల సైటు ఆర్ఈఏ మెల్‌బోర్న్‌వి. అట్లాసియన్, కాన్వా సిడ్నీవి, గూగుల్, మైక్రోసాఫ్ట్, అమెజాన్ లాంటి అమెరికన్ కంపెనీల పెద్ద ఆఫీసులూ సిడ్నీ వైపే మొగ్గుతాయి. బ్యాంకింగ్, టెలికాం, రిటైల్ ప్రాజెక్టుల మీద పనిచేసే మామూలు డెవలపరుకి, టెస్టరుకి, బిజినెస్ అనలిస్టుకి రెండూ సమానమే. ప్రోడక్ట్ కంపెనీలు, ట్రేడింగ్, క్లౌడ్ సేల్స్ అయితే సిడ్నీ. వైద్య పరిశోధన, ఫార్మా అయితే పార్క్‌విల్ చుట్టూ ఉన్న మెల్‌బోర్న్. నర్సులకీ డాక్టర్లకీ రిజిస్ట్రేషన్ దేశమంతా ఒకటే, టీచర్లకి మాత్రం రాష్ట్రానికో బోర్డు, కాబట్టి టీచరు ఎక్కడ ఉండాలో ముందే తేల్చుకోవడం మేలు. సిడ్నీలో చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది: సూపర్‌మార్కెట్ల కంపెనీ వూల్‌వర్త్స్ హెడ్డాఫీసు వాయవ్య శివారు బెల్లా విస్టాలో ఉంది, పరమట్టా రెండో సిటీ సెంటరులా పెరిగింది, అంటే పడమర శివారులో ఉండి పడమరే ఉద్యోగం చేసే అవకాశం సిడ్నీలో మెల్‌బోర్న్ కన్నా ఎక్కువ.

ప్రయాణం విషయంలో ఈమధ్య రెండు నగరాలూ మారాయి, పాత సలహాలు పనికిరావు. సిడ్నీ మెట్రో 2019లో టల్లవాంగ్ నుంచి చాట్స్‌వుడ్ దాకా మొదలై 2024 ఆగస్టులో సిటీ మీదుగా సిడెన్హమ్ చేరింది, స్కోఫీల్డ్స్, రౌజ్ హిల్ వైపు ఉండే మనవాళ్ల జీవితం దాంతో సగం తేలికైంది. మెల్‌బోర్న్‌లో 2025 చివర రైళ్లకి మెట్రో టన్నెల్, కార్లకి వెస్ట్ గేట్ టన్నెల్ రెండూ తెరిచారు. అయినా టార్నీట్‌కి ఇప్పటికీ లోకల్ కరెంటు రైలు లేదు, జీలాంగ్ వెళ్లే డీజిలు రైలే ఎక్కాలి, కూర్చునే చోటు దొరికితే అదృష్టం. పక్కనున్న ట్రుగనీనాకి స్టేషనే లేదు. ఎయిర్‌పోర్టుకి సిడ్నీలో రైలుంది (టికెట్టులో స్టేషన్ ఫీజు బాగా వాయిస్తారు), మెల్‌బోర్న్‌లో బస్సే గతి. కారులో తిరిగేవాళ్లకి సిడ్నీ టోల్ గేట్ల నగరం, 2024 నుంచి వారానికి 60 డాలర్లు దాటిన టోలు వెనక్కిచ్చే పథకం పెట్టారంటేనే సంగతి అర్థమవుతుంది. మెల్‌బోర్న్‌లో టోల్ రోడ్లు తక్కువ, కానీ సిటీ మధ్యలో కుడివైపు తిరగడానికి ఎడమ లేన్‌లో వెళ్లి ఆగే హుక్ టర్న్ ఒకటుంది, హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లు బండి నడిపినవాళ్లు కూడా మొదటిసారి అక్కడ చెమటలు పట్టించుకుంటారు.

నగరాల పోలికల్లో ఎవరూ రాయని మనిషి ఒకరున్నారు, కాన్పుకి సాయంగా ఆర్నెల్లకి వచ్చే అమ్మో అత్తగారో. కొడుకూ కోడలూ ఆఫీసుకి వెళ్లాక ఆవిడ పగలంతా ఏం చేస్తుంది? వెంట్వర్త్‌విల్‌లో అయితే చీర కట్టుకుని నడిచి వెళ్లి కరివేపాకు కొనుక్కుంటుంది, సాయంత్రం పార్కులో గుంటూరావిడతో కబుర్లు, ఓపికుంటే మేస్ హిల్ మురుగన్ గుడి. కొత్త ఎస్టేట్‌లో నాలుగు బెడ్‌రూముల ఇంట్లో అయితే కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చుంటుంది, రోడ్డు మీద మనిషి ఉండడు. మూడో వారానికి "టికెట్టు ముందుకి జరపగలరా" అని అడుగుతుంది. ఇది సిడ్నీ, మెల్‌బోర్న్ తేడా కాదు, మార్స్‌డెన్ పార్క్‌లోనూ ఇదే కథ. మెల్‌బోర్న్‌లో డాండెనాంగ్, క్లేటన్, వెరిబీ పాత ఊరి మధ్యన అయితే పెద్దవాళ్లకి కాళ్లతో తిరిగే స్వేచ్ఛ ఉంటుంది. తల్లిదండ్రులు తరచూ వచ్చే కుటుంబాలు ఇంటి సైజు కన్నా ఫుట్‌పాత్ చూసుకోవాలి.

ప్రయాణంలో హైదరాబాద్ నుంచి రెండింటికీ నేరుగా విమానం లేదు, సింగపూరు, కౌలాలంపూరు లాంటి చోట మారాల్సిందే. అనంతపురం, చిత్తూరు వైపు వాళ్లకి మాత్రం సిడ్నీ ఒక మెట్టు దగ్గర, బెంగళూరు నుంచి సిడ్నీకి క్వాంటస్ 2022లో నేరు సర్వీసు మొదలుపెట్టింది.

పిల్లలున్నవాళ్లకి అన్నిటికన్నా పెద్ద తేడా బడి, విచిత్రంగా దీన్ని అందరూ ఊరు నిర్ణయించుకున్నాకే కనుక్కుంటారు. న్యూ సౌత్ వేల్స్‌లో బడి మొదటి సంవత్సరం పేరు కిండర్‌గార్టెన్. విక్టోరియాలో దాన్నే ప్రెప్ అంటారు, అక్కడ కిండర్ అంటే బడికి ముందుది, మూడు, నాలుగేళ్ల పిల్లలకి 2023 నుంచి ఫ్రీ. జులై 31 లోపు ఐదేళ్లు నిండితే సిడ్నీలో ఆ ఏడు బడిలో చేర్చొచ్చు, మెల్‌బోర్న్‌లో ఏప్రిల్ 30 లోపు నిండాలి. అంటే జూన్‌లో పుట్టిన పిల్ల సిడ్నీలో నాలుగున్నరేళ్లకే బడికి వెళ్లగలదు, మెల్‌బోర్న్‌లో ఇంకో ఏడాది ఆగాలి. డే కేర్ బిల్లు కట్టే తల్లిదండ్రులకి ఆ ఒక్క ఏడాది చిన్న మొత్తం కాదు, పైగా మధ్యలో ఊరు మారితే క్లాసు లెక్క తప్పుతుంది. 482 వర్క్ వీసా మీద వచ్చేవాళ్లకి ఇంకో కిటుకుంది: న్యూ సౌత్ వేల్స్‌లో ఆ వీసా పిల్లలకి ప్రభుత్వ బడిలో కూడా వేల డాలర్ల ఫీజు ఉంటుంది, విక్టోరియాలో మినహాయింపు. ఇద్దరు పిల్లలుంటే ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు ఈ ఒక్క విషయం ఆ రాష్ట్ర విద్యాశాఖ సైట్‌లో చూసుకుంటే చాలు, జీతం బేరం వేరే రకంగా నడుస్తుంది.

తర్వాత సెలెక్టివ్ స్కూళ్లు, అంటే పరీక్ష పెట్టి పిల్లల్ని తీసుకునే ప్రభుత్వ బడులు. ఐఐటీ కోచింగ్ గాలి పీల్చి పెరిగిన మనకి ఆ పదం వినగానే చెవులు నిక్కబొడుచుకుంటాయి. న్యూ సౌత్ వేల్స్‌లో పూర్తిగా, సగంగా సెలెక్టివ్ అయినవి కలిపి నలభైకి పైనే ఉన్నాయి, ఏడో తరగతిలో చేరాలి, అంతకన్నా ముందే ఐదో తరగతికి ఓసీ (చురుకైన పిల్లలకి విడిగా పెట్టే) క్లాసుల పరీక్ష ఉంటుంది. అంటే ఎనిమిదేళ్ల పిల్లకి కోచింగ్ మొదలు. విక్టోరియాలో పూర్తి సెలెక్టివ్ స్కూళ్లు నాలుగే, చేరేది తొమ్మిదో తరగతిలో, వాటిలో ఒకటి (సుజాన్ కోరీ) మనవాళ్లు ఎక్కువగా ఉండే వెరిబీలోనే ఉంది. సీట్లు ఎక్కువున్నచోట అవకాశం ఎక్కువే, టెన్షన్ కూడా ఎక్కువే, అదీ రెండు మూడేళ్లు ముందుగా మొదలవుతుంది. ఆ పరుగు నుంచి తప్పించుకుందామని దేశం దాటినవాళ్లు సెలెక్టివ్ హైస్కూలున్న గిరావీన్‌లో ఇల్లు తీసుకుని మళ్లీ అందులోనే పడటం సిడ్నీలో రోజూ కనిపించే దృశ్యం.

వాతావరణం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, మెల్‌బోర్న్ చలి, గాలి, పొద్దున ఒక కాలం మధ్యాహ్నం ఇంకో కాలం. వానలు మాత్రం సిడ్నీలోనే బాగా ఎక్కువ, చాలామంది తిరగేసి అనుకుంటారు. సిడ్నీ అంటే సముద్రపు గాలి అనుకుని పడమర శివారుకి చేరినవాళ్లకి అక్కడ రామగుండం కనిపిస్తుంది, 2020 జనవరి 4న పెన్‌రిత్‌లో 48.9 డిగ్రీలు నమోదైంది. ఉబ్బసం, దుమ్ము ఎలర్జీ ఉన్న కుటుంబాలు మెల్‌బోర్న్ వసంతం గురించి డాక్టరుతో మాట్లాడాకే తేల్చుకోవాలి. 2016 నవంబరులో ఉరుముల వాన గడ్డి పుప్పొడిని చిదిమి ఊరి మీద చల్లితే వేలమంది ఊపిరాడక ఆసుపత్రులకి పరుగెత్తారు, పదిమంది చనిపోయారు, బాధపడ్డవాళ్లలో దక్షిణాసియా వాళ్లు జనాభా నిష్పత్తికి మించి ఉన్నారు.

"మనవాళ్లు ఎక్కడెక్కువ?" అనే ప్రశ్నకి ఇక పెద్ద విలువ లేదు. 2021 జనాభా లెక్కల్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు దేశం మొత్తంలో 59 వేల పైచిలుకు, రెండు నగరాల్లోనూ ఉగాదికి సరిపడా జనం, గోంగూరకి సరిపడా కొట్లు ఉన్నాయి. గుళ్ల విషయంలో రెండింటికీ ఒకే శాపం. సిడ్నీ వెంకటేశ్వరుడు 1985 నుంచి దక్షిణాన హెలెన్స్‌బర్గ్ అడవి అంచున ఉంటే తెలుగు జనం వాయవ్యానికి చేరారు, మెల్‌బోర్న్ శివ-విష్ణు ఆలయం ఆగ్నేయాన క్యారమ్ డౌన్స్‌లో ఉంటే జనంలో పెద్ద భాగం పడమర టార్నీట్‌లో స్థిరపడింది. శనివారం దర్శనం అంటే రెండుచోట్లా గంట పైన డ్రైవింగే.

మరి ఎవరికి ఏది? చేతిలో ఆఫరుంటే ఆఫరున్న ఊరు, దీనికి మించిన సూత్రం లేదు, లోకల్ అనుభవం అనే ఆ మొదటి గీత రెజ్యూమేలో పడటం ఏ అద్దె తేడా కన్నా విలువైనది. ఆఫరు లేకుండా దిగే, పిల్లల్లేని, ఇద్దరూ ఐటీ అయిన జంటకి సిడ్నీ మొదటి రెండేళ్లు బాగుంటుంది, ఎందుకంటే చిన్న ఫ్లాటూ రైలూ వాళ్లకి ఇబ్బంది కాదు. ఒక్క జీతం మీద బతుకుతూ మూడు నాలుగేళ్లలో సొంత ఇల్లు కావాలనుకునే కుటుంబానికి మెల్‌బోర్నే, కానీ దిగగానే ఊరి చివరికి వెళ్లకూడదు. అసలు పొరపాటు జరిగేది అక్కడే. స్నేహితుడి ఇంట్లో ఖాళీ గది ఉందని దిగుతారు, అక్కడే రెంటల్ హిస్టరీ మొదలవుతుంది, అక్కడే బడి, అక్కడే డే కేర్ వెయిటింగ్ లిస్టు, ఉద్యోగం మాత్రం ఊరి రెండో చివర వస్తుంది. అప్పటికి పిల్లకి ఫ్రెండ్స్ కుదిరారు, కదలలేరు. మొదటి సబర్బ్ బంకలా అతుక్కుంటుంది, కాబట్టి మొదటి ఆర్నెల్లు రెండు మూడు రైలు లైన్లు కలిసే చోట (సిడ్నీలో పరమట్టా, బ్లాక్‌టౌన్, మెల్‌బోర్న్‌లో సన్‌షైన్, ఫుట్‌స్క్రే) చిన్న ఇల్లు తీసుకుని, ఉద్యోగం ఎటు వస్తే అటు జరగడం నయం.

ఇంకొకటి, ఊరు ఏదైనా డిసెంబరులో దిగకండి. క్రిస్మస్ ముందు వారం నుంచి జనవరి మూడో వారం దాకా ఇంటర్వ్యూలు పిలిచే మనుషులే ఆఫీసుల్లో ఉండరు, ఫిబ్రవరికి విద్యార్థులు దిగడంతో ఫ్లాటు ఇన్‌స్పెక్షన్ దగ్గర ముప్పైమంది క్యూ ఉంటుంది. టికెట్లు చవకని చూసి కాదు, ఇంట్లో కూర్చుని కట్టే ఆరు వారాల అద్దె లెక్కేసి, సెప్టెంబరులోనో మార్చి చివరనో బుక్ చేసుకోండి.